మెల్‌కోర్ కోడ్ రివ్యూ: పీడబ్ల్యూఆర్ తీవ్ర ప్రమాదాల లెక్కలో దేన్ని నమ్మాలి, దేన్ని చేత్తో సరిచూసుకోవాలి

ప్రెజరైజ్డ్ వాటర్ రియాక్టర్‌కు (పీడబ్ల్యూఆర్, అంటే ఎక్కువ పీడనంలో మరగకుండా ఉంచిన నీటితో చల్లబరిచే అణు రియాక్టర్) బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు లేవలేదు అనుకోండి. ఇంధనం ఉండే కోర్ ఎన్ని గంటలకు నీటిలోంచి బయటపడుతుంది? ఎంత హైడ్రోజన్ పుడుతుంది? రియాక్టర్ చుట్టూ ఉండే రక్షణ కట్టడం, అంటే కంటైన్‌మెంట్, ఎంతసేపు ఆగుతుంది? చివరికి ఎంత సీజియం, ఎంత అయోడిన్ బయటి గాలిలో కలుస్తాయి? ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే రన్‌లో లెక్క కట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు, అంటే కోడ్‌లు, ప్రపంచం మొత్తం మీద కొన్నే ఉన్నాయి. అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ కోసం శాండియా నేషనల్ లాబొరేటరీస్ 1982లో మొదలుపెట్టి ఇప్పటికీ పెంచుకుంటూ వస్తున్న మెల్‌కోర్ వాటిలో ఒకటి. వాడబోయేవాళ్లకూ, ఎవరో వాడి తెచ్చిన ఫలితాలను సమీక్షించాల్సినవాళ్లకూ పనికొచ్చేలా దీని మంచిచెడులు ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. మెల్‌కోర్ సంభావ్యత చెప్పదు. ప్రమాదం ఎన్నేళ్లకోసారి జరగొచ్చనేది మొదటి స్థాయి పీఎస్ఏ (సంభావ్యతతో చేసే భద్రతా అంచనా) పని. దానికి ఈవెంట్ ట్రీలు, ఫాల్ట్ ట్రీలు, శాఫైర్ లాంటి సాఫ్ట్‌వేర్ వేరే ఉన్నాయి. న్యూరెగ్-1150 పేరుతో 1990లో వచ్చిన అధ్యయనం ఐదు అమెరికా ప్లాంట్లను చూసింది. అందులో సరీ, జయాన్, సెకోయా అనే మూడూ పీడబ్ల్యూఆర్‌లు. వర్జీనియాలోని సరీకి, ప్లాంటు లోపలి కారణాల వల్ల కోర్ దెబ్బతినే అవకాశం లక్ష రియాక్టర్-సంవత్సరాలకు సుమారు 4 సార్లు అని తేల్చింది. ఆ అంకె మీకు మెల్‌కోర్ నుంచి రాదు. ఏ వరుసలో ఏమేం చెడిపోయాయో మీరు చెబితే, ఆ తర్వాత ఏ గంటకు ఏం జరుగుతుందో మెల్‌కోర్ చెబుతుంది. అంటే ఇది రెండో స్థాయి పనిముట్టు. ఊళ్ల మీద డోసు ఎంత పడుతుందనే మూడో స్థాయి లెక్కకు దీని ఫలితాన్ని మ్యాక్స్ అనే మరో కోడ్‌కు అందించాలి.

కోడ్ లోపల పని ప్యాకేజీలుగా పంచుకుని ఉంటుంది. నీరు, ఆవిరి, వాయువులు నిండిన కంట్రోల్ వాల్యూములకు ఒకటి, వాటిని కలిపే ఫ్లో పాత్‌లకు ఒకటి, గోడలు పైపుల లాంటి హీట్ స్ట్రక్చర్లకు ఒకటి, కోర్‌కు ఒకటి, కాంక్రీటును తినేసే కరిగిన ద్రవ్యానికి ఒకటి, హైడ్రోజన్ మంటకు ఒకటి, రేడియోధార్మిక ఏరోసాల్‌కు (గాలిలో తేలే సన్నటి కణాలకు) ఒకటి. వీటన్నిటినీ తాడు కట్టి ఆడించేది కంట్రోల్ ఫంక్షన్లు. వాల్వు ఏ పీడనానికి తెరుచుకోవాలి, బ్యాటరీ అయిపోయాక ఏది ఆగాలి, ఆపరేటర్ ఎప్పుడు ఏ పంపు వేస్తాడు అన్నీ అక్కడే రాయాలి. మంచి మోడల్‌కూ చెడ్డ మోడల్‌కూ తేడా ఎక్కువగా ఈ కంట్రోల్ ఫంక్షన్లలోనే కనిపిస్తుంది. సమీక్షకు కూర్చుంటే ముందు వాటినే చదవండి.

రెండు ప్రోగ్రాములు వరుసగా నడుస్తాయి. మొదట మెల్‌జెన్ ఇన్‌పుట్‌ను చదివి, తప్పులు పట్టి, ప్రారంభ స్థితిని రీస్టార్ట్ ఫైల్‌లో రాస్తుంది. ఆ తర్వాత మెల్‌కోర్ దాన్ని ఎత్తుకుని కాలంలో ముందుకు నడుపుతుంది. 1.8 వెర్షన్ల వరుసలో ఇన్‌పుట్ అంతా కార్డు నంబర్ల మీద సాగేది. 2 వరుసకు వచ్చేసరికి కోడ్‌ను ఫోర్ట్రాన్ 95లోకి తిరగరాశారు, వాల్యూములకు, పైపులకు పేర్లు పెట్టుకునే వీలొచ్చింది. చదవడానికి ఇది ఎంత సుఖమో పాత డెక్ (ఇన్‌పుట్ ఫైల్) ఒకటి తెరిచి చూస్తే తెలుస్తుంది. మార్చిపెట్టే ఉపకరణం ఉంది కానీ మార్చిన డెక్‌ను కళ్లు మూసుకుని నడపకండి. పాత వెర్షన్‌లోని డిఫాల్ట్ విలువలు కొత్తదానిలో కొన్ని మారాయి. డెక్‌లో విడిగా రాయకుండా డిఫాల్ట్‌కు వదిలేసిన చోటల్లా ఫలితం చెప్పాపెట్టకుండా మారిపోతుంది.

ప్రమాదం మొదలయ్యే క్షణాన్ని సున్నాగా పెట్టుకుని, అంతకు కొన్ని వేల సెకన్ల ముందు నుంచి మైనస్ కాలంలో మామూలు నడకను నడిపించాలి. ప్రైమరీ (కోర్‌ను చల్లబరిచే నీటి వలయం) పీడనం, హాట్ లెగ్ (కోర్ నుంచి వేడి నీరు వెళ్లే పైపు), కోల్డ్ లెగ్ (చల్లారిన నీరు తిరిగొచ్చే పైపు) ఉష్ణోగ్రతలు, ఆ వేడితో ఆవిరి చేసే స్టీమ్ జనరేటర్లలో నీటి మట్టం ప్లాంటు విలువలతో కలిసి నిలకడగా ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. దీన్ని ఎగ్గొట్టి నేరుగా ప్రమాదంలోకి దూకిన రన్‌లలో మొదటి గంట అంతా తప్పుడు నీటి లెక్కతో సాగుతుంది.

ఇక ఒక స్టేషన్ బ్లాకౌట్‌ను (ప్లాంటుకు బయటి కరెంటూ డీజిళ్లూ పోవడాన్ని) దగ్గరగా చూద్దాం. సరీ లాంటి మూడు లూపుల ప్లాంటు తీసుకోండి. ఉష్ణశక్తి సుమారు 2,500 మెగావాట్లు, కోర్‌లో 157 ఇంధన అసెంబ్లీలు. కరెంటు, డీజిళ్లు, ఆవిరితో నడిచే సహాయక పంపు అన్నీ ఒకేసారి పోయాయి. మెల్‌కోర్ ఏం చెబుతుందో చూసేముందు కాగితం మీద లెక్క వేయండి. రియాక్టర్ ఆగాక మొదటి గంటలో అవశేష ఉష్ణం (డికే హీట్) సగటున 2 శాతానికి కాస్త తక్కువ, అంటే 45 మెగావాట్ల చొప్పున గంటకు 160 గిగాజౌళ్ల పైమాట. ఒక్కో స్టీమ్ జనరేటర్‌లో 40 టన్నుల నీరుంటే మూడింట్లో 120 టన్నులు. 70 బార్ దగ్గర కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 1.5 మెగాజౌళ్లు కావాలి. మొత్తం 180 గిగాజౌళ్లు. కాబట్టి జనరేటర్లు గంట దాటాక కాసేపటికి ఎండిపోవాలి.

అవి ఎండాక వేడి పోయే దారి ప్రెజరైజర్ (ప్రైమరీ పీడనాన్ని అదుపులో ఉంచే పాత్ర) రిలీఫ్ వాల్వే. అక్కడ పీడనం 160 బార్ దగ్గర ఉంటుంది. ఆ పీడనంలో నీటి గుప్తోష్ణం కిలోకు 0.93 మెగాజౌళ్లకు పడిపోతుంది. వాతావరణ పీడనంలో ఇది 2.26. అందుకే ఎక్కువ పీడనంలో నీరు రెండింతల కంటే వేగంగా ఖర్చవుతుంది. 35 మెగావాట్లకు సెకనుకు సుమారు 37 కిలోలు, గంటకు 130 టన్నుల పైన. ప్రైమరీలో ఉన్నదే 200 టన్నుల లోపు. ఇలా లెక్కేస్తే రెండున్నర గంటల ప్రాంతంలో కోర్ బయటపడి, మూడో గంటకు దెబ్బతినడం మొదలవ్వాలి. 2012లో రెగ్యులేటరీ కమిషన్ తెచ్చిన సోర్కా అధ్యయనంలో మెల్‌కోర్ ఇదే వరుసకు కోర్ దెబ్బ సుమారు 3 గంటలకు, వెసెల్ (కోర్ ఉండే ఉక్కు పాత్ర) అడుగు తెగడం 7 గంటలకు, కంటైన్‌మెంట్ లీకు ఒకరోజు దాటాక అని చూపింది. చేతి లెక్కా కోడ్ లెక్కా ఇలా దగ్గరకు రావాలి. మీ రన్‌లో జనరేటర్లు 40 నిమిషాలకే ఎండిపోతే ప్రమాదం గురించి కొత్త సంగతేదో బయటపడిందని సంబరపడకండి. సెకండరీ (స్టీమ్ జనరేటర్లలో ఆవిరయ్యే వైపు) నీటి ద్రవ్యరాశో, డికే హీట్ పట్టికో తప్పు ఇచ్చి ఉంటారు.

ఈ వరుసలో ఫలితాన్ని తలకిందులు చేసే చిన్న అంకె రియాక్టర్ కూలంట్ పంపుల సీల్ లీకు. చల్లార్చే నీరు ఆగిపోయాక సీళ్లు వేడెక్కుతాయి. పాత వెస్టింగ్‌హౌస్ సీళ్లకు సాధారణంగా పంపుకు నిమిషానికి 80 లీటర్లు అనుకుంటారు. అంటే మూడు పంపులకు గంటకు 14 ఘనపు మీటర్లు. సీల్ దశలు చెడితే వాడే మరో విలువ 690 లీటర్లు, గంటకు 124 ఘనపు మీటర్లు. మొత్తం ప్రైమరీ ఘనపరిమాణమే 250 ఘనపు మీటర్ల పైచిలుకు. పీడనం దిగేకొద్దీ లీకు తగ్గుతుంది, అది నిజమే. అయినా మొదటి విలువతో కథ ఎక్కువ పీడనంలో నడుస్తుంది, రెండోదానితో తక్కువ పీడనంలోకి జారిపోతుంది. వెసెల్ ఎలా తెగుతుంది, హాట్ లెగ్ ముందు తెగుతుందా లేదా అనే ప్రశ్నలన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. ఈ ఒక్క అంకె రాయకుండా బ్లాకౌట్ ఫలితాల పట్టిక పెట్టిన నివేదికను వెనక్కి పంపాలి.

ఎక్కువ పీడనంలో నడిచే కథలో మెల్‌కోర్‌కు సహజంగా చేతకాని పని ఒకటి వస్తుంది. కోర్‌లో వేడెక్కిన ఆవిరి హాట్ లెగ్ పై సగంలో స్టీమ్ జనరేటర్ వైపు వెళ్తుంది, చల్లారినది కింది సగంలో వెనక్కి వస్తుంది. ఒకే పైపుగా రాసిన మోడల్‌లో ఈ ఎదురెదురు ప్రవాహం పుట్టదు. అందుకే హాట్ లెగ్‌ను పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండుగా చీల్చి, జనరేటర్ ట్యూబులను వేడి కట్ట, చల్ల కట్ట అని విడదీసి, ప్రవాహపు నిష్పత్తిని వెస్టింగ్‌హౌస్ ఏడో వంతు స్కేలు ప్రయోగాలకూ సీఎఫ్‌డీ (ప్రవాహాన్ని చిన్న చిన్న గళ్లుగా విడదీసి లెక్కించే పద్ధతి) లెక్కలకూ సరిపోయేలా గుణకాలతో సర్దాలి. ఇది కోడ్ చేసే జోస్యం కాదు, వాడేవాడు చేతితో పెట్టిన కొలత. ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న మాత్రం ఇక్కడే ఉంది. హాట్ లెగ్ నాజిల్ గానీ సర్జ్ లైన్ (ప్రెజరైజర్‌కు వెళ్లే పైపు) గానీ ముందు తెగితే విడుదలయ్యేది కంటైన్‌మెంట్ లోపలికి. అంతకంటే ముందే జనరేటర్ ట్యూబు తెగితే కంటైన్‌మెంట్‌ను దాటేసి నేరుగా బయటికి. రెండిటికీ లార్సన్-మిల్లర్ క్రీప్ (వేడిలో లోహం మెల్లగా సాగి తెగడం) లెక్కే వాడతారు, రెండింటి మధ్య తేడా నిమిషాల్లో ఉంటుంది. అరిగిపోయిన ట్యూబును మోడల్‌లో పెట్టారా, సెకండరీ ఎండిపోయి పీడనం కూడా కోల్పోయిన స్థితిని నడిపారా అని తప్పక అడగండి.

హైడ్రోజన్ దగ్గర మరికాసేపు ఆగాలి. డిఫాల్ట్‌లు చాలామందిని ముంచేది ఇక్కడే. కిలో జిర్కోనియం ఆవిరితో పూర్తిగా కలిస్తే 44 గ్రాముల హైడ్రోజన్ పుడుతుంది, దాంతోపాటు దాదాపు 6 మెగాజౌళ్ల వేడి. కోర్‌లో 16 టన్నుల జిర్కోనియం ఉండి సగం కాలితే 350 కిలోలు. మామూలు ఉష్ణోగ్రత, పీడనాల్లో అది సుమారు 4,300 ఘనపు మీటర్లు. 50,000 ఘనపు మీటర్ల కంటైన్‌మెంట్‌లో సమంగా కలిస్తే 8 శాతం. మంట అంటుకోవడానికి 4 శాతం చాలు. కానీ ఇగ్నైటర్ (హైడ్రోజన్‌ను ముందుగానే అంటించే పరికరం) లేనప్పుడు మెల్‌కోర్ డిఫాల్ట్‌గా 10 శాతం దాకా ఆగుతుంది, ఇగ్నైటర్ ఉంటే 7 శాతం దాకా. ఆవిరి 55 శాతం దాటినా, ఆక్సిజన్ 5 శాతం కంటే తగ్గినా మంటను రానివ్వదు. కాబట్టి పై ఉదాహరణలో కోడ్ ‘మంట లేదు’ అంటుంది. నిజమైన ప్లాంటులో ఎక్కడో ఒక రిలే, ఒక మోటారు నిప్పురవ్వ విసరడానికి 10 శాతం కోసం ఎదురుచూడదు. త్రీ మైల్ ఐలాండ్‌లో 1979 మార్చి 28న ప్రమాదం మొదలైన దాదాపు పది గంటలకు హైడ్రోజన్ ఒక్కసారిగా మండింది. కంటైన్‌మెంట్ పీడనం సుమారు 2 బార్లు ఎగసింది.

దీనికి తిరగబడ్డ ప్రమాదం కంటైన్‌మెంట్‌లో నీళ్లు చల్లే స్ప్రేలతో వస్తుంది. కరెంటు లేనంతసేపు కంటైన్‌మెంట్ ఆవిరితో నిండి ఉంటుంది, మంటకు వీల్లేదు. హైడ్రోజన్ మాత్రం చేరుతూనే ఉంటుంది. కరెంటు తిరిగొచ్చి ఎవరో స్ప్రే వేస్తారు. ఆవిరి నీరై కిందపడుతుంది, హైడ్రోజన్ శాతం నిమిషాల్లో పెరుగుతుంది. మంచి ఉద్దేశంతో చేసిన పనే పేలుడు మిశ్రమాన్ని తయారుచేస్తుంది. రన్‌ను కంటైన్‌మెంట్ తెగేదాకా నడిపి ఊరుకోకుండా, మధ్యలో వేర్వేరు గంటల్లో స్ప్రే తెరిచి కనీసం మూడు నాలుగు కొమ్మలు నడపాలి. రీస్టార్ట్ ఫైల్ ఉంది కాబట్టి మొదటి నుంచీ లెక్కేయనక్కర్లేదు. మెల్‌కోర్‌లో మెచ్చుకోవాల్సిన సదుపాయాల్లో ఇదొకటి.

ఒక వాల్యూమ్‌లోని వాయువులన్నీ పూర్తిగా కలిసిపోయాయనే ఊహ మీద మెల్‌కోర్ నడుస్తుంది. డోమ్ కింద పొరగా చేరే హైడ్రోజన్, స్టీమ్ జనరేటర్ గదిలో చిక్కుకున్న మబ్బు దీనికి కనపడవు. కంటైన్‌మెంట్‌ను ఒకే డబ్బాగా రాసిన మోడల్‌తో రీకాంబైనర్లు (హైడ్రోజన్‌ను నీరుగా మార్చే పరికరాలు) ఎక్కడ పెట్టాలో తేల్చడానికి కూర్చోవద్దు. గదులవారీగా విడదీసినా అది ప్రాథమిక జల్లెడే. చివరి మాట సీఎఫ్‌డీకి, లేదా గోథిక్ లాంటి కోడ్‌కు వదలాలి. డిటొనేషన్ (ధ్వని వేగాన్ని మించిన పేలుడు) విషయంలో మెల్‌కోర్ హెచ్చరిక రాస్తుంది గానీ ఆ దెబ్బ గోడ మీద ఎంత పడుతుందో చెప్పదు.

కోర్ కరగడాన్ని ఇది వలయాలు, అంతస్తులుగా చూస్తుంది. 5 వలయాలు, ఇంధనం ఉన్న మేర 10 అంతస్తులు అనేది పీడబ్ల్యూఆర్‌కు మామూలు విభజన. వెండి-ఇండియం-కాడ్మియం కంట్రోల్ కడ్డీలు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతాయి. 1,200 దాటాక జిర్కోనియం-ఆవిరి చర్య దానంతటదే చెలరేగుతుంది. ఆక్సైడ్ పొర లోపల కరిగిన జిర్కోనియం ఎప్పుడు పగిలి కారుతుందనేదానికి డిఫాల్ట్ 2,400 కెల్విన్. ఆ ఒక్క విలువను 100 డిగ్రీలు అటూఇటూ జరిపి చూడండి, మొత్తం హైడ్రోజన్ ఎంత కదులుతుందో. ఆలస్యంగా కారితే వేడి లోహం ఆవిరికి ఎక్కువసేపు ఎదురుగా నిలుస్తుంది. ఇక్కడ ఒకే విలువతో నడిపిన రన్‌కు అసలు విలువ లేదు.

పోటీ కోడ్ మాప్‌తో పెద్ద తేడా కూడా ఇక్కడే. ఎప్రి (అమెరికాలోని విద్యుత్ పరిశోధన సంస్థ) చేతిలో ఉన్న మాప్‌ను ప్లాంటు యాజమాన్యాలు ఎక్కువగా వాడతాయి. మెల్‌కోర్ రోజంతా తీసుకునే చోట అది చాలా త్వరగా ముగిస్తుంది. ఫుకుషిమా తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చారు. కూలిన కోర్ శిథిలం దారులు మూసుకుని గట్టి ముద్దలా తయారవుతుందన్నట్టు మాప్ నడుస్తుంది. మెల్‌కోర్‌లో ఆవిరి ఆ శిథిలంలోంచి దూరుతూనే ఉంటుంది, హైడ్రోజన్ ఎక్కువ పుడుతుంది. ఏది నిజమో తేల్చే పూర్తి సైజు ప్రయోగం లేదు. ముఖ్యమైన నిర్ణయానికి రెండు కోడ్‌ల ఫలితాలూ పక్కన పెట్టుకోవడమే మేలు.

కరిగిన కోర్ వెసెల్ అడుగుకు చేరాక మనకు దగ్గరి ప్రశ్న వస్తుంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన ఆరు రియాక్టర్లు ఏపీ1000 రకం, ఒక్కోటి 1,208 మెగావాట్లు. వెసెల్ బయటి గదిని నీటితో ముంచి, కరిగిన కోర్‌ను వెసెల్ లోపలే ఆపడం ఆ డిజైన్ పద్ధతి. కోర్ నుంచి బయటికొచ్చే ఆవిరి 650 డిగ్రీలు దాటగానే ఆపరేటర్ ఆ నీటిని వదలాలి. దీన్ని మెల్‌కోర్‌తో పరీక్షించేవాళ్లు ఆక్సైడ్ మడుగు మీద తేలే లోహపు పొరను చూడాలి. పొర ఎంత పలచనైతే వేడి అంత సన్నటి పట్టీలో వెసెల్ గోడ మీద కేంద్రీకరిస్తుంది. అడుగు గోడను పెద్ద పెద్ద ముక్కలుగా విభజిస్తే ఆ పట్టీలోని శిఖరం సగటులో కలిసిపోయి, గోడ భద్రంగా ఉన్నట్టు కనపడుతుంది. పై అంచు దగ్గర ముక్కలు చిన్నవి చేయండి. బయటి నీరు ఎంత వేడిని లాగగలదనే హద్దుకు కోడ్‌లోని సాధారణ సూత్రం వదిలి, ఆ ఆకారానికే చేసిన ప్రయోగాల విలువలు ఇవ్వండి. అడుగు నుంచి ఇన్‌స్ట్రుమెంట్ గొట్టాలు దూరే పాత డిజైన్లకు 1,273 కెల్విన్ దగ్గర గొట్టం తెగుతుందనే డిఫాల్ట్ ఉంది. త్రీ మైల్ ఐలాండ్‌లో సుమారు 20 టన్నుల కరిగిన ద్రవ్యం అడుగున పడినా, లోహం ఒకచోట 1,100 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, వెసెల్ తెగలేదు. ఆ డిఫాల్ట్ జాగ్రత్త వైపు మొగ్గింది. సమయం లెక్కకు వాడేటప్పుడు ఆ సంగతి పట్టికలో రాయాలి.

కాంక్రీటు దశ గురించి క్లుప్తంగా చాలు. కాంక్రీటులో సున్నపురాయి పాలు ఎంత, ఇసుక పాలు ఎంత అనేది సరిగ్గా ఇవ్వండి. సున్నపురాయి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, వేడి లోహం దాన్ని మండే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది.

రేడియోధార్మిక ద్రవ్యాల లెక్కలో మెల్‌కోర్ బాగా నిలబడింది. ఫ్రాన్స్‌లోని కాదరాష్‌లో జరిగిన ఫెబుస్ ప్రయోగాల తర్వాత సీజియంలో ఎక్కువ భాగాన్ని మాలిబ్డేట్‌గా (మాలిబ్డినంతో కలిసిన రూపంలో) చూడటం అలవాటైంది. ఏరోసాల్ ముద్దకట్టడం, నేల మీద వాలడం, నీటిలో చిక్కడం బాగానే వస్తాయి. వాయు రూపంలోని అయోడిన్‌ను మాత్రం ఒక్క అంకెగా నమ్మొద్దు. ఆవిరి పేలుడును ఇది భౌతికంగా లెక్కించదు, అది విడిగా చేసుకోవాల్సిన పని.

కొత్తవాళ్లను హడలగొట్టేది ఇంకోటుంది. గరిష్ఠ టైమ్ స్టెప్‌ను 0.5 సెకన్ల నుంచి 0.4కి మార్చితే వెసెల్ తెగే సమయం గణనీయంగా జరగొచ్చు. ఒక కడ్డీ ఒక స్టెప్ ముందో వెనకో కూలడంతో దాని తర్వాత దారి మారిపోతుంది. అందుకే ఒకే డెక్‌ను నాలుగైదు టైమ్ స్టెప్‌లతో నడిపి, ఆ చెదురుపాటు ఎంతో ముందు తేల్చుకోండి. ‘ఈ కొత్త వాల్వు పెడితే 20 నిమిషాలు కలిసొస్తాయి’ అని ఎవరైనా ఫలితం తెస్తే, టైమ్ స్టెప్ మార్పు వల్లే ఎన్ని నిమిషాలు కదులుతుందో అడగండి. అది 30 నిమిషాలైతే ఆ వాల్వు గురించి ఇంకా ఏమీ తెలియనట్టే.

ఇది దుకాణంలో కొనే సరుకు కాదు. రెగ్యులేటరీ కమిషన్‌తో లైసెన్సు, ఇతర దేశాలకైతే సీసార్ప్ అనే తీవ్ర ప్రమాదాల పరిశోధన ఒప్పందం ఉండాలి. కోడ్‌తో ప్లాంటు డెక్ రాదు. మంచి డెక్ తయారీకి డ్రాయింగులు, పంపు వక్రరేఖలు, సెట్ పాయింట్లు, వాటిని చదవగలిగే మనిషి, నెలల పని కావాలి. అచ్చులోకి వచ్చిన మోడల్‌ను అరువు తెచ్చుకుని శక్తి అంకె మాత్రం మార్చితే ప్లాంటు మారదు.

మన దేశంలో ఎక్కువ రియాక్టర్లు పీడబ్ల్యూఆర్‌లు కావు, భారజలం వాడే పీహెచ్‌డబ్ల్యూఆర్‌లు. పేర్లు దగ్గరగా ఉండటంతో విద్యార్థులు కైగా, రావత్‌భాటాల మీద మెల్‌కోర్ ప్రాజెక్టు అడుగుతుంటారు. దీని కోర్ ప్యాకేజీ నిలువు కడ్డీలకు, ఒకే పెద్ద వెసెల్‌కు రాసింది. కలాండ్రియాలో (భారజలం నిండిన ట్యాంకులో) అడ్డంగా పడుకున్న వందల ప్రెజర్ ట్యూబులు ఒక్కొక్కటిగా కుంగి, చుట్టూ ఉన్న భారజలంలోకి వేడిని వదిలే తీరు దీనిలో లేదు. కూడంకుళంలోని వీవీఈఆర్-1000 (రష్యా రకం పీడబ్ల్యూఆర్) లాంటి వాటికి ఇది సరిపోతుంది. అక్కడ స్టీమ్ జనరేటర్లు అడ్డంగా ఉంటాయి కాబట్టి సెకండరీ నీటిని పొరలుగా విడదీసి రాయాలి, వెసెల్ కింద ఉన్న కోర్ క్యాచర్‌ను (కరిగిన కోర్‌ను పట్టుకునే పాత్రను) మామూలు కాంక్రీటు గుంటగా రాయకూడదు.